పాట ఆగేదాకా

పోయినవారం పెద్దమ్మను స్టూడియో గుమ్మంలో నిలబెట్టి వదిలేశాను. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని మూడంతస్తుల మెట్లెక్కించి, వారం రోజుల పాటు కూర్చోమని కూడా అనకపోవడం నా తప్పే. కొందరు ఉత్తరాలు రాసి మరీ నన్ను తిట్టారు. సరే, ఇక లోపలికి రానిద్దాం. వచ్చాక ఆవిడ ఎవరినీ స్థిమితంగా కూర్చోనివ్వదు, అది వేరే సంగతి.

కొత్తగా చదివేవారి కోసం నాలుగు ముక్కలు. ఇంట్లోవాళ్ళు ఈలపిల్ల అని పిలిచే మన అమ్మాయికి ఇరవై ఆరేళ్ళు. పాట రాస్తుంది, బాణీ కడుతుంది, తనే పాడుతుంది. ఆమె తల్లి ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో పనిచేస్తూ ఒకరోజు పని మధ్యలోనే సొమ్మసిల్లి పడిపోయింది. తొమ్మిదో రోజున పోయింది. అప్పటికి పిల్లకి ఆరేళ్ళు. అదే లాండ్రీలో పనిచేసే పెద్దమ్మ, అంటే తల్లికి అక్క, ఆ పిల్లను పెంచింది. 'మా అమ్మ పాటలు' అంటూ గిటారు పట్టుకుని పాడిన మొదటి ఆల్బం ఈలపిల్లకు పేరు తెచ్చింది. దాంతోనే పెద్దమ్మతో మాటలు పోయాయి. ఎందుకు పోయాయో ఆవిడా చెప్పలేదు, ఈవిడా అడగలేదు. రెండేళ్ళు గడిచాయి.

ఇప్పుడు రెండో ఆల్బం. పాత పనిపాటలకు ఎలక్ట్రానిక్ బీట్లు జోడించిన తొమ్మిది పాటలు. ఏడోది దుప్పటి పాట, తడి దుప్పట్లు మెలితిప్పి పిండుతూ పాడుకునేది. లాండ్రీలో ఎవరో టేపురికార్డర్ పెట్టి పట్టిన పాత క్యాసెట్‌లోంచి గొంతును బయటికి తీసి, దాని చుట్టూ యంత్రాల మోత కట్టారు. ఆ గొంతు అమ్మది. అమ్మదంటూ ఈలపిల్లకు మిగిలింది అదొక్కటే. పది రోజుల కిందట అందులోంచి అరనిమిషం ముక్క బయటికి వదిలితే జనం ఊగిపోయారు. రేపు సాయంత్రం ఐదింటికల్లా ఆల్బం కంపెనీకి అందాలి. ఈ రోజు మధ్యాహ్నం పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఒకే మాట అంది.

"ఆ పాట ఆపు."

ఈలపిల్ల కుర్చీలోంచి లేవలేదు. హెడ్‌ఫోన్స్ మాత్రం మెడ మీదకి జార్చింది.

"రెండేళ్ళకి గుర్తొచ్చానా?"

"నువ్వు గుర్తు రాలేదు. మందుల షాపులో నా చెవిన పడ్డావు. ఆ షాపతను మోకాళ్ళ మాత్రలు నా చేతిలో పెడుతూ, చచ్చిపోయినావిడ ఎంత బాగా పాడిందో చూడండమ్మా అన్నాడు. మాత్రలు అక్కడే వదిలేసి వచ్చా."

పెద్దమ్మ గొంతు సంగతి చెప్పాలి. అది పూర్తిగా బొంగురు. బరువైన బీరువాను గచ్చు మీద ఈడ్చినట్టు ఉంటుంది. లాండ్రీలో బ్లీచింగ్ ఆవిరి పీల్చి పీల్చి అలా అయింది. ఈలపిల్లకు గుర్తున్నంత వరకూ ఆ గొంతు అంతే. ఆ గొంతుతోనే లాలించింది, ఆ గొంతుతోనే తిట్టింది. తిట్లకే ఎక్కువ నప్పింది.

గదిలో మూడో మనిషి కూడా ఉన్నాడు. అతన్ని అందరూ కత్తెర అంటారు. శబ్దాలను కత్తిరించి, శుభ్రం చేసి, అతకడం అతని వృత్తి. ఫ్యాను చప్పుడు మైకుల్లో పడుతుందని దాన్ని పీకించేసిన ఘనుడు. అందుకే ఆ గదిలో అందరికీ చెమటలు పడతాయి, అందరికీ చిరాకు ముక్కు మీదే ఉంటుంది.

"అమ్మా, పని మధ్యలో ఉన్నాం. కుటుంబ గొడవలు కింద చూసుకోండి," అన్నాడు స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా.

"నువ్వేనా కత్తిరించేది?"

"అవును."

"అయితే కత్తిరించు. ఆ పాట మొత్తం కత్తిరించు."

ఈలపిల్లకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీకేంటి పెద్దమ్మా బాధ? మొదటి ఆల్బం వచ్చినప్పుడు మొహం తిప్పేసుకున్నావు. ఒక్కమాట, బాగుందే అని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? మా అమ్మ పాట జనం వింటుంటే నీకు ఎందుకంత కడుపుమంట?"

"మీ అమ్మ పాట కాదు కాబట్టి."

"ఏంటి?"

"ఆ గొంతు మీ అమ్మది కాదు. నాది."

కత్తెర మౌస్ మీది చెయ్యి తీశాడు. ఈలపిల్ల నవ్వింది. అందులో నవ్వు పాలు తక్కువ.

"నీదా? ఈ గొంతా?"

"ఆ గొంతు. ఈ గొంతు కాదు. నాకు ముప్పై ఒక్కేళ్ళప్పుడు ఉన్నది."

"మరి ఇన్నేళ్ళూ?" ఈలపిల్ల ఇప్పుడు లేచి నిలబడింది. "చిన్నప్పుడు ఆ క్యాసెట్ పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇది మా అమ్మేనా అని నేనడిగితే అవునని చెప్పిందెవరు? నువ్వు కాదా? నీ నోటితో కాదా?"

"నేనే."

"అయితే అప్పుడు అబద్ధమా, ఇప్పుడా?"

"అప్పుడు. ఆరేళ్ళ పిల్ల టేపురికార్డర్‌కి చెంప ఆనించుకుని అమ్మా అమ్మా అంటుంటే, కాదే అది నేనూ అని ఎలా చెప్పమంటావు? చెప్పే ధైర్యం నీకుంటుందేమో, నాకు లేదు. ఆరేళ్ళదానికి చెప్పిన మాట అది. ఇరవై ఆరేళ్ళదానివి, దాన్ని తీసుకెళ్ళి లోకమంతా చాటింపేస్తావా? బతికుండగానే నన్ను చంపేశావు కదే!"

"పేరు కావాలా? వేస్తాను. ఎంత పెద్ద అక్షరాలతో వెయ్యమంటావు?"

"నీ అక్షరాలు నువ్వే నెత్తిన పెట్టుకో. నేను అడుగుతున్నది పాట ఆపమని."

ఇద్దరిలో ఒక్కరు తగ్గినా ఈ కథ ఇక్కడితో చల్లబడేది. ఆ వంశంలో తగ్గడం అనేది ఎవరికీ అబ్బలేదు.

కత్తెర మధ్యలోకి వచ్చాడు. సాయం చెయ్యడానికి కాదు, పని ఆగిపోతోందని. "అమ్మా, మీ మాటకి సాక్ష్యం ఏముంది? మీరు పాడి చూపించలేరు. గొంతు లేదు. ఎవరైనా వచ్చి అది నాదే అంటే నేనేం చెయ్యాలి?"

"పాటలో మొదటి ముక్క ఏంటి?" అని అడిగింది పెద్దమ్మ.

"కొస పట్టి తిప్పవే చెల్లెలా," అన్నాడు కత్తెర.

"మీ అమ్మకి చెల్లెలుందా?" పెద్దమ్మ ఈలపిల్ల వైపు తిరిగింది.

"పాటల్లో అందరూ చెల్లెళ్ళే. పాట కట్టేదాన్ని, నాకు చెబుతావా? చెల్లెలా అని పాడిన ప్రతివాళ్ళకీ చెల్లెలుండాలా?"

"ఓహో, పాట కట్టేదానివి." పెద్దమ్మ గది నాలుగు మూలలా చూసింది. మైకు గదికి మందపాటి నల్ల కర్టెన్ వేలాడుతోంది. దాన్ని ఒక్క లాగు లాగింది. ఊచతో సహా కిందపడింది.

"ఏయ్! ఏయ్ అమ్మా!" కత్తెర కేక వేశాడు.

"వరండాలో నీళ్ళ కుళాయి ఉంది కదా, వచ్చేటప్పుడు చూశా. రావే పాట కట్టేదానా. తిప్పుతూ పాడు. ఒక్క చరణం పాడు. పాడగలిగితే ఆ గొంతు మీ అమ్మదేనని నేనే మందుల షాపుకి వెళ్ళి చెప్పొస్తా."

ఈలపిల్ల వెళ్ళింది. రోషం కొద్దీ వెళ్ళింది. తనకు ఊపిరి మీద ఎంత పట్టుందో రెండు గంటల కచేరీలు చూసినవాళ్ళందరికీ తెలుసు.

వరండాలో గచ్చు మీద కర్టెన్ పరిచి కుళాయి తిప్పారు. మందపాటి గుడ్డ నీళ్ళు తాగి బరువెక్కింది. పెద్దమ్మ ఒక కొస పట్టుకుని, చేతికి రెండు చుట్లు చుట్టుకుని, గోడకి వీపు ఆనించి నిలబడింది. ఆవిడ కుడి మణికట్టు పక్కకి ఒంగి ఉంటుంది. చిన్నప్పుడు విరిగి సరిగా అతుక్కోలేదు.

"చూశావా ఈ చెయ్యి? దీంతో తిప్పలేను. గట్టిగా పట్టుకుని నిలబడటమే నా పని. మెలి తిప్పడం మీ అమ్మ పని. పదేళ్ళు ఇద్దరం అలాగే చేశాం. తిప్పు. పాటలో ఒక్కో పాదానికి రెండు మెలికలు. పాట ఆగేదాకా చెయ్యి ఆపకూడదు, ఎవరు చెప్పినా ఆపకూడదు. అది లెక్క. మధ్యలో వదిలేస్తే మెలిక విడిపోయి మొదటికొస్తుంది."

ఈలపిల్ల రెండో కొస పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది.

"కొస పట్టి తిప్పవే చెల్లెలా..."

మొదటి మెలిక తేలిగ్గానే పడింది. రెండోదానికి గుడ్డ బిగిసింది. భుజాలు లేచాయి.

"కొలనంత కారాలి నీ..."

పాట అక్కడ తెగింది. మూడో మెలికకు ఊపిరి బిగబట్టక తప్పలేదు. బిగబట్టిన ఊపిరితో ఎవరూ పాడలేరు. మెలిక పడగానే అది దానంతటదే బయటికి వచ్చింది.

"హుఁ."

"పాడు!"

"ఎవరు పడుకున్నా... హుఁ."

"పాడవే, పాట కట్టేదానా!"

"హుఁ." ఈలపిల్ల అరచేతులు మండాయి. నల్లటి నీళ్ళు పాదాల మీదుగా మెట్ల వైపు పారుతున్నాయి. గోడకి ఆనుకున్న పెద్దమ్మ మాత్రం నిబ్బరంగా, ఆ బొంగురు గొంతుతోనే, ఒక్కో మాటా పొల్లుపోకుండా అంటోంది. ఎవరు పడుకున్నారో ఎరగమే, ఎండకేస్తే అందరిదీ తెలుపే. ఆవిడకు ఊపిరి అడ్డం రావడం లేదు. పట్టుకున్నవాళ్ళకు పాడే తీరిక ఉంటుంది. తిప్పేవాళ్ళకు ఉండదు.

"చాలు," అంది ఈలపిల్ల. "చాలు పెద్దమ్మా."

పెద్దమ్మ చేతిలోంచి గుడ్డ జారి కిందపడింది. ఆవిడ చేతులు అలాగే గాల్లో ఉండిపోయాయి. మొహంలో నెత్తురు చుక్క లేదు. గెలిచిన మనిషి మొహంలా లేదే అని ఈలపిల్లకు ఒక్క క్షణం అనిపించింది. కానీ ఓడిపోయిన కోపం అంతకన్నా పెద్దది. ఎదుటి మొహం చదివే ఓపిక ఆ కోపానికి లేదు.

"నీదే. ఒప్పుకున్నా. నీ గొంతే. సంతోషమా?" అంది, తడి చేతులు చున్నీకి తుడుచుకుంటూ. "నాకు మిగిలిన ఒక్కటీ లాక్కున్నావు. ఇక మెట్లు దిగు."

పెద్దమ్మ నిజంగానే మెట్ల వైపు అడుగు వేసింది. వెళ్ళిపోయేదే. వెనక నుంచి కత్తెర పిలవకపోతే.

"మళ్ళీ చెయ్," అన్నాడతను గుమ్మంలో నిలబడి.

"ఏంటి?"

"ఆ చప్పుడు. హుఁ. మళ్ళీ చెయ్."

ఈలపిల్ల చెయ్యలేదు. చెయ్యాల్సిన అవసరం కూడా లేకపోయింది. కత్తెర లోపలికి పరుగెత్తాడు. ఈలపిల్ల వెళ్ళి చూసేసరికి స్క్రీన్ మీద గీతలు అటూ ఇటూ జరుపుతున్నాడు. ఎన్నడూ లేనిది, తల గోక్కుంటున్నాడు.

"క్యాసెట్ నా దగ్గరికి వచ్చిన రోజు గుర్తుందా? గొంతు వెనక ఏదో బుస్ బుస్‌మని చప్పుడు వస్తోంది, హాల్లో మిషన్ ఏదో ఆవిరి వదులుతోందేమో అన్నాను. తీసెయ్ అన్నావు. గుర్తుందా?"

"గుర్తుంది."

"తీసేశాను. తీసేశాక పాట డొల్లగా అనిపించింది. అందుకని సరిగ్గా అవే చోట్ల మనం డ్రమ్ము కొట్టాం. మనం వాడుకున్న నాలుగు చరణాల్లో ముప్పై రెండు చోట్ల." అతను స్క్రీన్ మీద ఆ చోట్లను వేలితో చూపించాడు. "అది మిషన్ కాదు, తిప్పేవాళ్ళ ఊపిరి. జనం ఊగుతున్నది దాని చోట్లో పెట్టిన డ్రమ్ముకే."

ఈలపిల్ల స్క్రీన్ దగ్గరికి వంగింది. ఎక్కడా అమ్మ లేదనుకుంది ఒక్క నిమిషం కిందట. ఉంది. ఉన్న ఆ కాస్తనీ తనే చెత్త అంది, తనే తీయించింది, ఆ చోట్లో మిషన్ని కూర్చోబెట్టి మార్కెట్లోకి వదిలింది. తన నోరు పడిపోను అనుకుంది. పైకే అంది.

"పోయిందా అది? పూర్తిగా?"

"పోలేదు. నేను ఏదీ పారెయ్యను. విడిగా ఉంది. గొంతు ఒక పొర, మిషన్ల హోరు ఒక పొర, ఈ చప్పుడు ఒక పొర. మొత్తం టేపు, పదకొండు చరణాలూ."

"పదకొండా?" అంది గుమ్మంలోంచి పెద్దమ్మ.

వెళ్ళిపోయిందనుకున్నారు. వెళ్ళలేదు.

"మీరు వాడింది నాలుగే అన్నావు కదయ్యా," అంది ఆవిడ. గొంతులో ఇందాకటి కసురు లేదు.

"వాడింది నాలుగే. శుభ్రం చేసింది మొత్తం. మిగతావి విననే లేదు."

"నాలుగే ఉంచు. నాలుగు చాలు. నా పేరు కూడా వద్దు. మీ అమ్మ పాటనే వేసుకోవే, నేను ఎవరితోనూ ఏమీ అనను. అది తీసింది తీసినట్టే ఉండనీ."

పావుగంట కిందట ఊచతో సహా కర్టెన్ పీకిన మనిషి ఈవిడ. ఇప్పుడు పైట చెంగు వేళ్ళకి చుట్టుకుంటూ బతిమాలుతోంది. పెద్దమ్మ బతిమాలడం ఈలపిల్ల జన్మలో చూడలేదు.

"ఎందుకు?"

"ఎందుకంటే ఏముంది. ఊపిరి చప్పుడు. ఏముంటుంది అందులో వినడానికి."

"మా అమ్మ ఊపిరి."

"వద్దన్నానా!"

ఈలపిల్లకు అప్పుడు ఒక చిన్న సంగతి తట్టింది. చిన్నప్పుడు క్యాసెట్ పెట్టుకుంటే నాలుగో చరణం అయ్యీ అవకముందే పెద్దమ్మ ఎక్కడున్నా వచ్చి మీట నొక్కేసేది. టేపు అరిగిపోతుందే అనేది. ప్రతిసారీ అక్కడే అరిగేది టేపు.

"పెట్టన్నా," అంది కత్తెరతో.

పెద్దమ్మ గబగబా వచ్చి గోడకున్న ప్లగ్గు మీద చెయ్యి వేసింది. కత్తెర అడ్డం నిలబడ్డాడు. అతనికి ఈ కుటుంబం మీద ప్రేమేమీ లేదు. పని చేస్తున్న కంప్యూటర్ ప్లగ్గు పీకేవాళ్ళెవరినీ అతను ఊరుకోడు. ఈలపిల్ల వాళ్ళిద్దరినీ దాటుకుని వెళ్ళి, తనే మీట నొక్కింది.

స్పీకర్లలోంచి గొంతు రాలేదు, హోరు రాలేదు. ఆ పొర ఒక్కటే వచ్చింది.

హుఁ. కాస్త విరామం. హుఁ.

ఇరవై ఏళ్ళ తర్వాత అమ్మ ఆ గదిలో ఊపిరి వదిలింది. ఈలపిల్ల ఏడవలేదు. వింటూ నిలబడింది. మొదటి చరణంలో ఊపిరి గట్టిగా, పొగరుగా ఉంది. నాలుగో చరణానికి ఎడం పెరిగింది. ఆరోదానికి సన్నగా ఈల లాంటిది తోడైంది. ఏడులో రెండు చోట్ల దగ్గు. ఎనిమిదో చరణంలో, రెండు ఊపిర్ల మధ్య, చాలా దగ్గరగా, ఒక ఆడమనిషి మాట్లాడింది.

"చాలక్కా."

హుఁ.

"అక్కా, చాలు. కళ్ళు తిరుగుతున్నాయి."

హుఁ.

కత్తెర చెయ్యి అలవాటు కొద్దీ పక్క మీట మీదకి పోయింది. గొంతు పొర కూడా కలిసింది. టేపురికార్డర్ ఎదురుగా ఉందన్న సంబరంతో, నిండుగా, ఎత్తుగా, ఆగకుండా పాడుతోంది ముప్పై ఒక్కేళ్ళ పెద్దమ్మ. కొస పట్టి తిప్పవే చెల్లెలా.

ఈలపిల్ల బల్ల మీదున్న క్యాసెట్ అట్ట చేతిలోకి తీసుకుంది. దాని మీద ఎవరిదో చేతిరాతతో తారీఖు ఉంది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్న అట్టే. అమ్మ పోయిన తారీఖు నుంచి తొమ్మిది రోజులు వెనక్కి లెక్కపెట్టాలని ఎప్పుడూ తోచలేదు. ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టింది. తొమ్మిదో వేలి దగ్గర ఆగింది.

"అమ్మ పడిపోయింది ఈ రోజే కదూ," అంది.

పెద్దమ్మ గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుంది. "ఆపవే," అంది. "తల్లీ, ఆపవే. నీకు దండం పెడతా."

కత్తెర మీట వైపు చెయ్యి చాచాడు. ఈలపిల్ల ఆ చేతిని పట్టుకుంది. ఇందాక కర్టెన్ తిప్పిన అరచెయ్యి, ఇంకా మండుతూనే ఉంది.

"పాట ఆగేదాకా ఆపకూడదన్నావు కదా పెద్దమ్మా," అంది. "ఎవరు చెప్పినా ఆపకూడదన్నావు. అది లెక్కన్నావు."

ఎనిమిదో చరణం అయిపోయింది. టేపులో ఇంకా మూడున్నాయి.